పెరుగు గిన్నె

ఆదివారం

సెలవు కదా అని ఈరోజు చిన్నికి నేనే పెరుగన్నం కలిపాను. మొదటి ముద్దే నా చీర మీద ఉమ్మేసింది. రెండేళ్లకే ఇంత మొండితనమా అని వీపు మీద ఒక్కటి వేశాను. ఏడుస్తూ వెళ్లి నా చెప్పులు ఎత్తుకొచ్చి మంచం కిందికి తోసేసింది.

"పెరుగొద్దు. అమ్మ పోతాది."

అత్త దాని మూతి తుడుస్తూ, "దినామూ పెరుగు గిన్నె నా చేతికిచ్చి, బిడ్డ తింటా ఉంటే దొంగ మాదిరి రేణిగుంట బస్సెక్కేస్తావే! దానికి తెలీదనుకుంటివా?" అంది. ఆ మాట ఇన్నాళ్లూ దాచుకుని, కొట్టాక చెప్పాలా?

పెరుగు ఎముకలకు మంచిదని డాక్టరమ్మ సులువుగా చెప్పేసింది. రేణిగుంట ఫ్యాక్టరీ పని మానుకోమని మాత్రం ఎవరూ చెప్పరు.

రేపు ఉదయం షిఫ్టే. మంచం కింద నుంచి చెప్పులు తీసి గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. పాలు తోడు వేశాను.