నా దుకాణం ముందరి బోర్డు తొలగింపు గురించి

తిరుమలగిరి,
తేది: 12-08-2023.

నిలకడ స్వయం ఉపాధి పథకం ప్రత్యేక అధికారి గారికి, నల్గొండ.

అయ్యా,

విషయం: నాకు మంజూరైన కుట్టుమిషనుతో పాటు నా రోగం పేరును కూడా బజారులో వేలాడదీసినందున, సదరు బోర్డును తక్షణం తొలగించుట గురించి.

తిరుమలగిరి బస్టాండు వెనక జాకెట్లు కుట్టుకుని బతికే స్నేహలత, భర్త కీ.శే. విజేందర్, రాసుకున్న అర్జీ ఏమనగా:

1. నాకు హెచ్.ఐ.వి. ఉన్నట్లు తొమ్మిదేండ్ల కింద తెలిసినది. నల్గొండ దవాఖాన నుండి మందులు తెచ్చుకుని, వేళ తప్పకుండా మింగుతూ ఆరోగ్యంగా ఉన్నాను. ఊరిలో ఎవరికీ తెలియకుండా కాపాడుకొనుట కూడా నాకు ఒక పనే.

2. పదకొండేండ్లుగా కుడుతున్నానని చెప్పినా, సర్టిఫికెట్ లేనిదే మిషను రాదని నలభై ఐదు రోజులు కుట్టు శిక్షణ ఇచ్చినారు. నేర్పడానికి వచ్చిన ఆమెకు చంక దగ్గర ముడత రాకుండా చేయి అతికించడం రాదు. అది నేనే నేర్పించి, ఆమె చేతి నుండి సర్టిఫికెట్ పుచ్చుకున్నాను. దీని మీద నాకు ఫిర్యాదు లేదు.

3. జూన్ నెలలో తమరు ఎనిమిది మందితో విచ్చేసి, రిబ్బను కత్తిరించి, మిషను అప్పగించి, దుకాణం నెత్తిన ఆరడుగుల ఫ్లెక్సీ బోర్డు కట్టించినారు. 'హెచ్.ఐ.వి. బాధితులకు చేయూత' అని పైన, నా ఫోటో, పేరు కింద. వద్దని మీ సూపర్‌వైజర్ మేడంను బతిమాలినాను. "బోర్డు లేని ఫోటో పైకి పోదమ్మా. జర నిలబడు, అయిపోతది" అన్నది. దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టరాదని నాకూ తెలుసు. కాని ఆ ఆవు మెడకు నా రోగం పేరు కట్టి ఊరంతా తిప్పమని నేను అడగలేదు.

4. మా పనిలో ఆది జాకెట్టు అని ఉంటుంది. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టును కొలత కొరకు టైలరు దగ్గరే ఉంచుతారు. అట్లా ఏండ్ల తరబడి నా దగ్గర వదిలినవారు ముప్పై నలుగురు. బోర్డు కట్టిన వారం లోపలే అందరూ కుట్టడానికి ఇచ్చిన కొత్త గుడ్డలను కుట్టించకుండానే వాపసు తీసుకుపోయినారు. ఆది జాకెట్లను మాత్రం ఒక్కరూ ముట్టలేదు. ఎదురింటి నిర్మలమ్మకు పెండ్లి జాకెట్టు నుండి నేనే కుట్టినాను. ఆమె గడప అవతల నిలబడి, "నా ఆది నాకొద్దు. కాలబెట్టు" అన్నది. ముట్టుకుంటే అంటుకోదని మాకు పాఠం చెప్పిన మీ సూపర్‌వైజర్ మేడం కూడా తన రెండు జాకెట్టు ముక్కలు అటెండరుతో తెప్పించుకున్నది. అయ్యా, నాకు ఏడుపు రాలేదు, రోత పుట్టినది. ఊరి మీద కొంత, మీ మీద ఎక్కువ.

5. బోర్డు మీద పాత చీర కప్పినాను. బోర్డు కనబడనందున మిషను స్వాధీనం చేసుకొనబడునని నోటీసు పంపినారు. భయపడి చీర తీసివేసినాను. రాతపూర్వక అనుమతి లేకుండా మా రోగం బయటపెట్టరాదని చట్టం ఉన్నట్లు మీ శిక్షణలోనే మాతో రాయించినారు. ఆ నోటుబుక్కు మీ దగ్గర లేకపోతే నాది పంపగలను.

6. నా కూతురు అక్షిత తొమ్మిదో తరగతి. పదో తరగతి పరీక్షలైనాక దగ్గర కూచోబెట్టుకుని నేనే చెబుదామనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. అది బడి నుండి వస్తూ బోర్డు చదివింది. సంచి దించకుండానే, "బాపు గూడ గిట్లనే పోయిండా?" అని అడిగింది. బిడ్డకు ఆ మాట చెప్పే హక్కు నాది, దాన్ని మీరు ఫ్లెక్సీకి ఇచ్చినారు. నేను అవునన్నాను.

కావున బోర్డు తొలగించి, నా ఫోటో మీ దగ్గర ఎక్కడెక్కడ ఉన్నదో అక్కడల్లా తీసివేసి, మిషను నాకే ఉంచవలెను. మా ఇద్దరి తిండి దాని మీదనే. ఇంకొకరి గడపకు ఇట్లాంటిది కట్టకుండా ఉత్తర్వు ఇయ్యగలరు. క్షమాపణ సభ వద్దు, శాలువా అసలే వద్దు.

ఈ నా మొరను ఫోటోలు తీయకుండా చిత్తగించవలెను.

ఇంకా మిగిలిన కొద్దిపాటి విధేయతతో,
తమ విధేయురాలు,
స్నేహలత

తా.క.: సారు, అమ్మ సంతకం పెట్టి పోస్టు చేయమని నాకిచ్చింది. కింద మిగిలిన జాగల నేను రాస్తున్న, అమ్మకు తెల్వది. బోర్డు కోసం మీరెవ్వరు రావద్దు. గిది పోస్టు డబ్బల ఏసొచ్చి నేనే స్టూలెక్కి కత్తెరతోని కోసేస్త. పట్టపగలు, బజారు నిండ మనుషులున్నప్పుడే కోస్త. నోటీసు పంపాల్నంటే అమ్మకు పంపకుండ్రి, నా పేరు మీద పంపుండ్రి.
అక్షిత, తొమ్మిదో తరగతి.