అందరూ పాసైన ఏడాది

మేష్టారూ,

మీరు పోయాక వచ్చిన మొదటి పదో తరగతి ఫలితాలివి. మన హైస్కూల్లో పరీక్ష రాసినవాళ్లంతా పాసయ్యారు. జిల్లా పరిషత్తువారు షీల్డు ఇచ్చారు. పక్క ఊరి హైస్కూలు మాత్రం, మీరు చేసినట్టే అందరిచేతా పరీక్ష రాయించి, జిల్లాలో బాగా వెనకబడింది.

కొత్త హెడ్మాస్టరుగారు అడిగితే, పది తప్పుతారనుకుని తొమ్మిదిలోనే నిలిపేయాల్సినవాళ్ల జాబితా రాసిచ్చింది నేనే.

నిన్న తగరపువలస సంతలో చేపలమ్మే అప్పలమ్మ బడికొచ్చింది.

"అందరూ పాసైపోనారంట గదా బాబూ, మరి మా నూకాలు పేరేటి నేదు?"

తొమ్మిదిలోనే ఆగిపోయిందన్నాను.

"మరయితే అందరూ అంటారేటి?"

పక్క ఊరిది మంచి బడా, మనదా? మీరున్నన్నాళ్లూ అందరిచేతా రాయించొద్దని మీతో వాదిస్తూనే ఉన్నాను.

షీల్డు పక్కన మీ ఫొటో పెట్టాను. మళ్లీ తీసేశాను. ఎక్కడ పెట్టమంటారు?