పచ్చ బుక్కులో నూట అరవై ఎనిమిది

ఆగస్టు 3, ఆదివారం
హబ్సిగూడ క్లినిక్‌లో షుగర్ క్లాసు. హిమజ మేడమ్ తలా ఒక పచ్చ బుక్కు ఇచ్చింది. పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, ఏం తిన్నాం, అన్నీ రాయాలి. రోజూ అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి. తిన్నాక పావుగంట నడవాలి.
తిన్నాక నేను ఇనుపరేకులు కొట్టే ప్రెస్ మెషిన్ ముందు నిలబడతాను. ఆ మాట అనలేదు.

ఆగస్టు 5
పరగడుపున 268. పచ్చ బుక్కులో రాశాను.

ఆగస్టు 6
నాచారం కంపెనీలో మా సూపర్‌వైజర్ గిరిప్రసాద్ బుక్కు అడిగాడు. షుగర్ ఉన్నవాళ్ల బుక్కులు నెలనెలా పదిహేనున ఫొటో తీయాలట. రెండు వందలు దాటితే మెషిన్ మీద ఉంచరు, గేటు దగ్గర కూర్చోబెడతారు. పోయినేడు రామస్వామిని అట్లాగే కూర్చోబెట్టారు. మూడు నెలలకు గేటు దగ్గర కూడా లేడు.
బుక్కు ఇంట్లో ఉందన్నాను. ఇంటికొచ్చి 268లో రెండును ఒకటి చేశాను.
ఇక అసలు నంబర్లు ఈ డైరీలోనే.

ఆగస్టు 15
254. బుక్కులో 132. సెలవైనా గిరిప్రసాద్ వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకున్నాడు. బాగుందని బొటనవేలు బొమ్మ పెట్టాడు.

ఆగస్టు 24, ఆదివారం
క్లాసులో మేడమ్ నా బుక్కు ఎత్తి అందరికీ చూపించింది. పక్కన కూర్చునే సారలమ్మ చిల్కానగర్‌లో ఇళ్లల్లో వంట చేస్తుంది. ఏం తింటున్నానో తనకూ చెప్పమంది. జొన్నరొట్టె అన్నాను. నా భార్య రుక్కమ్మ కట్టే రొట్టెలు రోజూ పక్క మెషిన్ అతనికి పోతాయి. నేను క్యాంటీన్‌లో అన్నం తింటాను.
నంబర్లు బాగున్నాయని డాక్టర్ ఒక మాత్ర తీసేశాడు. రక్త పరీక్ష నవంబర్‌లో చూద్దామన్నాడు. తీయొద్దంటే ఎందుకో చెప్పాలి. చీటీ జేబులో పెట్టుకుని వచ్చాను.

సెప్టెంబర్ 2
301.

సెప్టెంబర్ 9
సాక్స్ అరికాలికి అంటుకుంది. రుక్కమ్మ తడిపి విప్పింది. బూటు దులిపితే గోరంత ఇనుపముక్క పడింది. ఎనిమిది గంటలు దాని మీద నిలబడ్డాను. నొప్పి తెలియలేదు. అద్దంలో చూడక ఎన్ని రోజులైందో కూడా గుర్తు లేదు.
రుక్కమ్మ షుగర్ చూసే మీటర్ తెచ్చి బటన్ నొక్కింది. పాత నంబర్లు అందులో ఉంటాయని నాకు తెలియదు. 312, 301, 289. ఒక్కొక్కటే పైకి చదివి, పచ్చ బుక్కు తెరిచి పక్కన పెట్టింది. గేటు సంగతి అప్పుడు చెప్పాను. అరికాలి పుండుకు గుడ్డ కడుతూ అంది.
"రామస్వామికి నౌకరి పోయింది. కాళ్లు రెండున్నయ్."

సెప్టెంబర్ 12
చీము పట్టింది. బూటు వేసుకునే పనికి పోయాను.

సెప్టెంబర్ 14, ఆదివారం
క్లాసుకు పోలేదు. సారలమ్మ ఫోన్ చేసింది. అన్నం మానేసి ఇరవై రోజులైందట, అయినా షుగర్ అంతే ఉందట. రొట్టె తన ఒంటికి పడట్లేదేమో అంది.
"నీకెట్ల తగ్గిందన్నా?"
సిగ్నల్ లేదని పెట్టేశాను.

సెప్టెంబర్ 15, ఉదయం 6
ఇది డైరీ కాదు, పచ్చ బుక్కు.
పరగడుపున 318. ఎడమ అరికాలు అద్దంలో చూశాను.
గిరిప్రసాద్ పదకొండింటికి ఫొటో తీస్తాడు.