ఇంట్లోనే ఉన్నాడని చెప్పేదెవరు

13 ఆగస్టు 2006, ఆదివారం, గద్వాల. పొద్దున్నుంచి ముసురు. వంటింటి రేకు కారుతుంటే తారు పూశాను.

సాయంత్రం అపరాధ కథలు రాసే మేం నలుగురం నేతపని రాములు ఇంట్లో మగ్గం పక్కన కూర్చున్నాం. చదవడం నా వంతు. ఎప్పటిలాగే చివరి పేజీ ఆపి, హంతకుడెవరో చెప్పమన్నాను. ముగ్గురూ కరెంటు మెకానిక్ శివయ్య పేరే చెప్పారు. నా కథలో శివయ్య ఏ పాపం ఎరగడు.

“గాడు ఒక్కడే ఉంటడు గదన్నా. ఖూనీ అయిన రాత్రి ఇంట్లనే ఉన్ననంటే ఎవరు నమ్ముతరు?” అన్నాడు రాములు.

“నిజంగనే ఉన్నడు,” అన్నాను.

టీచరమ్మ సుజాత నవ్వింది. “నీకెరుకనే అన్నా, పోలీసోళ్లకు తెల్వదు గద. చూసినోళ్లు ఒక్కరన్న ఉండాలె. జర గాయనకు ఒక పెండ్లాన్నన్న ఇయ్యరాదు!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి కథ దిద్దడానికి కూర్చున్నాను. వారపత్రికకు పంపాలంటే శివయ్యకు ఒక సాక్షి కావాలి. పెళ్ళాన్ని రాసి కొట్టేశాను. పక్కింటివాళ్ళు చూశారని రాస్తే, ఏం చూసి ఉంటారో తోచలేదు. శివయ్యకు నా అలవాట్లే ఇచ్చాను. చీకటి పడగానే తలుపేసుకుంటాడు, పొద్దుటి అన్నమే తింటాడు, రేడియో చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. మరి ఈ రాత్రి నేను ఇంట్లోనే ఉన్నానని చెప్పేదెవరు?

ముసురు ఆగింది. పక్కింటి నర్సమ్మ ఇంకా అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా దగ్గర అగ్గిపెట్టె ఉంది. అయినా వెళ్ళి ఒకటి అడిగి తెచ్చుకున్నాను.