వెన్న అని రాసిన గడి

మార్చి 4
ముసురు. బన్నుల ట్రేలు గీకి కడిగాను. వెన్న డబ్బాలు ఎప్పుడూ విడిగా వచ్చేవి, ఇవాళ అట్టపెట్టెతో వచ్చాయి. పెట్టె చించుతుంటే అడుగున చిన్న అక్షరాలు. నేను బడికి పెద్దగా పోయినవాణ్ణి కాను, కూడబలుక్కుని చదివాను. జంతువుల కొవ్వు. మళ్ళీ చదివాను. అదే.

మార్చి 5
పిండి పుస్తకం తీశాను. రోజూ ఏం కలిపానో రాసేది నేనే. పదేళ్ళ కిందట గడులు గీసి పేర్లు పెట్టాను: మైదా, ఈస్టు, పంచదార, ఉప్పు, వెన్న. నవంబరు 8న ఈ బేకరీ యజమాని, మా బావ, ఈ కొత్త డబ్బాలు తెప్పించాడు. పచ్చగా ఉంది, వెన్నలాగే కరిగింది. ఏమిటని అడగలేదు. అలవాటుగా వెన్న గడిలోనే కిలోలు ఎక్కించాను. నూట పదిహేడు రోజులు.
బావను అడిగాను. నీకెందుకురా, బన్ను మెత్తగా వస్తోందా లేదా అన్నాడు. తిన్నవాళ్ళెవరైనా చచ్చారా అని కూడా అడిగాడు. చావలేదు.

మార్చి 6
టీచరమ్మ రెండు బన్నులు అడిగారు. ఆమె మాంసం ముట్టరు. ఈమధ్య నీ చేతికేదో మహిమ వచ్చిందయ్యా, దూదిలా ఉంటున్నాయి అన్నారు. అయిపోయాయన్నాను. నా వెనక అద్దాల బీరువాలో నలభై ఉన్నాయి. వాటివంక చూశారు, నావంక చూశారు, వెళ్ళిపోయారు.

మార్చి 7, మధ్యాహ్నం
డబ్బాల్లో ఉన్నది కొవ్వని, వాటిని దింపే డ్రైవరు టీ కొట్లో వాగాడట. బేకరీ ముందు ఇరవై మంది. ఒకాయన మెట్టు మీదే ఉమ్మేశాడు. బావ నా పుస్తకం తెచ్చి ఊపాడు. మావాడు ఒక్కరోజు మానకుండా రాశాడు, వెన్న తప్ప ఇంకోటి ఉంటే చూపించండి అన్నాడు. ఈయన రాశాడంటే నిజమే అయ్యుంటుందిలే అని ఎవరో అన్నారు.
పుస్తకం లాక్కున్నాను. ఎర్ర పెన్నుతో వెన్న కొట్టేసి జంతువుల కొవ్వు అని రాశాను. నవంబరు 8 నుంచి పేజీ పేజీకీ. చాలాసేపు పట్టింది. ఎవరూ కదల్లేదు. వెనక నుంచి ఒక మెకానిక్కు, నేను మేకను కొమ్ములతో సహా తింటాను, కానీ చెప్పి పెట్టవయ్యా అని కేకేశాడు. టీచరమ్మ గుంపులోనే ఉన్నారు. ఏ తారీకు నుంచి అని ఒక్కటే అడిగారు. చెప్పాను. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు.

మార్చి 8
అక్క వచ్చింది. మొగుడి పరువు బజారున పడేశానట. ఆ డబ్బాలు వెనక్కి పోతేనే కలుపుతాను, లేకపోతే పిండి ఆయన్నే పిసుక్కోమను అన్నాను. నీకు నోరు కూడా ఉందట్రా అంది. ఏడుస్తూనే నవ్వింది.

మార్చి 9
బన్నుల్లేకుండానే తెరిచాం. ఎవరూ రాలేదు.

మార్చి 11
డబ్బాలు వెనక్కి పోయాయి. మునుపటి వెన్నే వచ్చింది. బావ నాతో చెప్పాల్సినవన్నీ గోడకు చెబుతున్నాడు. పుస్తకం గుమ్మం పక్క బల్ల మీద తెరిచిపెట్టాను. తీసేశాడు. పెట్టాను. తీసేశాడు. పెట్టాను.

మార్చి 14, ఉదయం 6
టీచరమ్మ. కొనడానికి కాదట. నీ పుస్తకం అప్పుడూ ఉంది కదయ్యా, నాకొద్దు, కలిపేచోట నిలబడి చూస్తానన్నారు. బయటివాళ్ళు లోపలికి రాకూడదని బావ గోడకు చెప్పాడు. నేను తలుపు రెండు రెక్కలూ తీశాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. రాత తర్వాత, ముందు ఆ వెన్న డబ్బా మూత తియ్యి అంటున్నారు. మైదా పది కిలోలు, ఉప్పు... పెన్ను పక్కన పెడుతున్నాను.