వంటింట్లో కోర్టు ఆర్డరు

అప్పలమ్మక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నువ్వు లేని లోటేమిటో మన మల్కాపురం బాలల సదనానికి వచ్చిన కొత్త సూపరింటెండెంటుగారికి ఇవాళ తెలిసొచ్చింది.

పిల్లల కోర్టు నుంచి ఆర్డరు వస్తే నువ్వు వంట చేస్తూనే నాచేత గట్టిగా చదివించేదానివి. ఏ పిల్లను ఎవరితో పంపకూడదో సదనంలో అందరికీ తెలిసేది. ఈయన మాత్రం కాన్ఫిడెన్షియల్ అంటూ ఆర్డర్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

నువ్వు పోయాక సదనానికి వచ్చిన గౌరి అనే పిల్లను ఇంటికి తీసుకెళ్తానంటూ ఇవాళ దాని మేనమామ జంతికల పొట్లంతో వచ్చాడు. పెద్దమనిషి అనుకుని నేనే కాఫీ ఇచ్చాను. వాచ్‌మన్ అయితే "కూకో బావా" అని కుర్చీ వేసి, రిక్షా కూడా పిలిచాడు.

గౌరి వరండా స్తంభాన్ని కరుచుకుంది.

"ఈడు మల్లీ నన్ను ఇటకల బట్టీలో ఎట్టేత్తాడు! ఈడితో పంపొద్దని జడ్జిగారు సెప్పినారు. ఏటి, మీకెవలూ సెప్పనేదా?"

మామ కాఫీ గ్లాసుతో సహా పరారయ్యాడు. జంతికలు గౌరే పంచింది.

సాయంత్రం సూపరింటెండెంటుగారు ఆర్డర్లన్నీ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. నువ్వు పోయాక మేమెవరమూ కూర్చోకుండా వదిలేసిన నీ స్టూలు మీద కూర్చుని, అన్నీ చదివి వినిపించాడు.

దానికి ఒక కాలు పొట్టి అని మాత్రం ఆయనకు ఎవరం చెప్పలేదు.