వెనక గోడ ఖర్చు

భానూ,

బావ రాస్తున్నాను. ఇక్కడ మీ అమ్మ, మన పాప సోని, నేను ముగ్గురం ఒంట్లో బాగానే ఉండి, వేళకి తిని తిరుగుతున్నాం. నువ్వు కూడా అక్కడ డ్యూటీకీ డ్యూటీకీ మధ్య కాస్త కన్ను మూస్తున్నావనీ, నడుం నొప్పి తిరగబెట్టలేదనీ అనుకుంటున్నాను. న్యూజిలాండ్‌లో ఇప్పుడు ఎండలు మొదలవుతాయని సోని చెప్పింది. ఇక్కడ పొద్దున్నే మంచు దిగిపోతోంది. మీ అమ్మ కుంపటి వదిలి కదలడం లేదు. వలిసె పూలు విరగబూశాయి. కాఫీ పండు ఎరుపెక్కింది, కోత మొదలుపెట్టాం.

నువ్వు కాగితం మీద రాసి ఫోటోలు తీసి పంపిన ఉత్తరం, సిగ్నలందే మలుపు దగ్గర నిలబడి దింపుకున్నాను. నీ ఉత్తరం కంటే దాంతోపాటు వచ్చిన బిల్డరు ఎస్టిమేటే పెద్దది. ఫోనులో అంత చిన్న అక్షరాలు చదవలేక, సాలూరు దిగినప్పుడు ప్రింటు తీయించాను. ఆ షాపాయన చివరి పేజీలో అంకె చూసి, ఏమైనా కాలేజీ కడుతున్నారా అని అడిగాడు. అవి డాలర్లని చెప్పలేదు. రూపాయల్లోకి మారిస్తే మూడు కోట్లు దాటిందని తెలిస్తే ప్రింటుకి కూడా రేటు పెంచేసేవాడు.

ఇల్లు ఎలా ఉంది, నచ్చిందా అని అడిగావు కదా. ప్లాను చూస్తే మొదట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వంటగది మూడు వేల ఆరొందలు, హాలు అయిదు వేల పైచిలుకు అని ఉంది. ఇంత హాలులో ఎవరిని పడుకోబెడుతుందిరా ఈ పిల్ల అని కంగారుపడ్డాను. మల్లేశు మేస్త్రి ఏదో షెడ్డు పని మీద కొండెక్కితే ఆయనకి చూపించాను. నువ్వు పంపిన మొదటి ఏడాది డబ్బుతో మన వెనక గది కట్టిన మల్లేశే. కాగితం అటూ ఇటూ తిప్పి, "అడుగులనుకుంతన్నావేటి? మిల్లీమీటర్లియి" అని నవ్వాడు. కాగితం మీద ఇల్లు ఎవరికీ తెలియదు, నేల మీద ముగ్గు పోస్తే తెలుస్తుందని, పాత బడి ముందు ఖాళీలో తాడు లాగి ముగ్గుపిండితో నీ ఇల్లంతా గీసేశాడు. గదికి గది, తలుపుకి తలుపు.

ఇక చూడు, ఊరు ఊరంతా నీ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేసింది. ఎవరైనా గీత తొక్కి లోపలికి వస్తే, అది గోడ, తలుపు ఇటుంది అని సోని వెనక్కి పంపించింది. కోళ్లు మాత్రం దాని మాట వినలేదు. మీ అమ్మ వంటగదిలో నిలబడి, కుడిచేత్తో ఉత్తుత్తి కూర కలిపి, ఎడంచేత్తో నీళ్లు అందుకుని చూసుకుంది. పొయ్యి కిటికీ పక్కన పెట్టడం బాగుందంది. గోడలు దేనితో కడతారని అడిగింది. చెక్క ఫ్రేము, దాని మీద అట్టలాంటి పలకలు అని చెప్పాను. "మూడు కోట్లెట్టి సెక్కిల్లేటి? సెదలట్టదేటి?" అంది. నాకూ అదే అనుమానం. కానీ అక్కడ భూకంపాలు వస్తాయి, చెక్కయితేనే తట్టుకుంటుంది అని నువ్వు ఇదివరకు చెప్పిన మాట అప్పజెప్పాను. దాంతో ఆవిడకి చెదల భయం పోయి భూకంపం భయం పట్టుకుంది.

సోనికి ఏ గది కావాలో అడగమన్నావు. వెనకవైపు గది పెద్దది, పుస్తకాల బల్లకి కూడా చోటుంది, నీకు అదే రాశాడు బిల్డరు అని నచ్చజెప్పాను. వినలేదు. ముందువైపు చిన్న గదే కావాలంది. రంగు ఏదైనా పర్వాలేదంది. నాలుగో తరగతి పిల్ల రంగు ఏదైనా పర్వాలేదంటే నాకు ఏదోలా అనిపించింది.

ఎస్టిమేటు లైను లైనూ వేలు పెట్టి చదివాను. మట్టి పరీక్షకి డబ్బు, కౌన్సిలు అనుమతికి డబ్బు, పనివాళ్ల తాత్కాలిక మరుగుదొడ్డికి కూడా డబ్బు. మనూళ్లో ఇల్లు లేపితే నాలుగిళ్ల వాళ్లూ వచ్చి చేయి వేస్తారు, మనం అన్నం, వేట కూర పెడతాం. అక్కడ చేయి వేసేవాళ్లు లేరు కాబట్టి ఖర్చులో సగం చేతులకే పోతోంది. చివర్లో, ఊహించని ఖర్చులకి పది శాతం అని రాశాడు. మన దగ్గర ఊహించిన ఖర్చులే పది శాతం ఉంటాయని మల్లేశు అంటే అందరం నవ్వాం. అప్పు ముప్పై ఏళ్లు అన్న చోటుకి వచ్చాక నాకు నవ్వు రాలేదు.

నీకిప్పుడు ముప్పై నాలుగు. అరవై నాలుగేళ్లు వచ్చేదాకా నువ్వు నర్సుగా మనుషుల్ని మంచాల మీద ఎత్తి దించుతూనే ఉండాలి. నీ నడుం సంగతి నాకు తెలుసు. మీరు వచ్చాక నీకూ తోటల్లో కోత పని దొరుకుతుంది, ఇద్దరం కడదాం అని రాశావు. చేస్తాను, ఎందుకు చేయను? కాఫీ కోసిన చేతికి ఆపిల్ బరువు కాదు. కానీ నాకొచ్చిన ఇంగ్లీషుతో అక్కడ ఎవరి ముందు ఎలా నిలబడాలో తలచుకుంటే భయంగా ఉంది. ఈ మధ్య నాకు అన్నిటికీ భయమే. ఆకు కదిలినా తల తిప్పి చూస్తున్నాను. పెళ్లయిన కొత్తలోనే కంగారు బావ అని పేరు పెట్టావు, ఆ పేరు ఇప్పుడు బాగా నిలబెట్టుకుంటున్నాను.

ఇక్కడి నుంచి ఎంత సర్దగలవు అని అడిగావు. పంట డబ్బు చేతికి రాగానే పంపుతాను. పట్టా చూపించి అప్పు తీద్దామని బ్యాంకుకి వెళ్లాను. మన భూమి మన గిరిజనులు తప్ప వేరేవాళ్లు కొనడానికి వీల్లేదు కాబట్టి, వాళ్ల లెక్కలో దానికి ధర కట్టడం కుదరదట. మీ నాన్న, మా నాన్న ఇద్దరూ కలిసి వేసిన సిల్వర్ ఓక్ చెట్లు ఇప్పుడు తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎదిగాయి. ధర లేదంటే మనసు చివుక్కుమంది.

ఇంతవరకూ రాసి, ఆరబోసిన కాఫీ తిరగేసి వచ్చాను. నువ్వు అడిగినవాటిలో ఇంకా రెండు మిగిలాయి. వాటికి జవాబు రాయలేక కోళ్ల గురించి, ఆపిల్ పళ్ల గురించి రాస్తూ తిరుగుతున్నానని నీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది.

బిల్డరు చెప్పిన గది ఎంతుంటుందో ఊహకి అందడం లేదు, మన నడిఇల్లూ వెనక గదీ టేపు పెట్టి కొలిచి పంపు, వాటితో పోల్చి చూసుకుంటాను అన్నావు. అదొకటి.

రెండోది గోడ. స్థలం కొండవాలున ఉంది కాబట్టి చవకగా వచ్చిందన్నావు. చూడగానే మన కొండే గుర్తొచ్చి ఇంకో చోటు చూడబుద్ధి కాలేదన్నావు. ఇంటికి చదును చేయాలంటే వెనక వాలు చెక్కాలి, చెక్కిన చోట మట్టిని ఆపడానికి గోడ కట్టాలి. ఆ ఒక్క గోడ ఖర్చుతో మన దగ్గర పది ఇళ్లు లేస్తాయి. దాన్ని కాంట్రాక్టులోంచి తీసేస్తే అప్పు సరిపోతుంది, గోడ ఎప్పుడో తీరిగ్గా మీరే కట్టించుకోండి అని బిల్డరు అన్నాడట. నువ్వు రాసిన మాటలే మళ్లీ రాస్తున్నాను: 'మనం కూడా కొండ చెక్కే కదా వెనక గది వేశాం, గోడ కట్టామా? నిలబడలేదా? నువ్వు సరే అంటే సోమవారం సంతకం పెట్టేస్తాను. ఏదీ కుదరకపోతే మన ఇల్లు మనకి ఉండనే ఉంది, వచ్చేస్తాను.'

ఇది చదివాక ఇక దాచడం కుదరదు.

భానూ, మన ఇల్లు లేదు.

దసరా ముందు వాన పట్టుకుని వారమైనా వదల్లేదు. ఒక మధ్యాహ్నం నేను తోటలో నీళ్లు పోయేందుకు దారి తవ్వుతున్నాను. మీ అమ్మా సోనీ వీధి వాకిట్లో కూర్చుని చిక్కుడు కాయలు ఒలుస్తున్నారు. వెనక మనం చెక్కిన కొండ జారి గది మీద పడింది. గదిని తోసుకుంటూ నడిఇంట్లోకి వచ్చేసింది. నేను పరుగెత్తుకుంటూ వచ్చేసరికి మీ అమ్మ సోనిని పట్టుకుని రోడ్డు మీద ఉంది. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇది మాత్రం అబద్ధం కాదు. మేకలు పోయాయి. నీ పెట్టె తవ్వి తీశాం, చీరలు పనికిరాలేదు, నీ నర్సింగ్ సర్టిఫికెట్ల కాపీలు మాత్రం ప్లాస్టిక్ కవరులో ఉండి బతికాయి.

ఆ రోజు వానకి బడి లేదు. సోని ఆ వెనక గదిలో పడుకుని బొమ్మలు వేసుకుంటోంది. కాయలు ఒలవమని మీ అమ్మ కేకేస్తే గొణుక్కుంటూ బయటికి వచ్చింది. దీని గురించి ఇంతకంటే రాయలేను.

అప్పటి నుంచి పాత బడి గదిలో ఉంటున్నాం. ఇల్లు కూలినవాళ్లకి ఇచ్చే సాయం కోసం కాగితాలు పెట్టాను, చూస్తామన్నారు. దసరా రోజు వీడియోలో నీకు మన గుమ్మం, దానికి కట్టిన మామిడాకులు చూపించాను గుర్తుందా? ఆ ముందు గోడ ఒక్కటే నిలబడింది. తలుపు మూసి చూపించాను. దాని వెనక మట్టి తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత సిగ్నలు బాగాలేదు, వీడియో వద్దు, ఉత్తరాలు రాసుకుందాం అన్నది అందుకే. నువ్వు మురిసిపోయి, బావకి ఇన్నాళ్లకి రాయాలనిపించింది అన్నావు. ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయాను.

చెప్పొద్దన్నది మీ అమ్మ. "గుంట అక్కడొక్కర్తీ ఉంది. తెలిస్తే ఉద్యోగం ఒగ్గేసి వచ్చేత్తాది" అని నాచేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు లేకపోయినా నేను చెప్పేవాణ్ని కాదేమో. నువ్వు వెళ్లిన రోజు నుంచీ నాకు నువ్వు తిరిగి రావాలనే ఉంది. ఆ మాట ఒక్కసారి కూడా నీతో అనలేదు. ఇల్లుండగా అనలేనివాణ్ని, ఇల్లు పోయాక ఏ మొహం పెట్టుకుని రమ్మంటాను? ఇంతలో నువ్వే అక్కడ ఇల్లు కడతానని రాశావు. పోనీలే, ఇక చెప్పాల్సిన అవసరం రాదు అనుకున్నాను. మూడు కోట్ల ఎస్టిమేటు చూసి మనసు తేలికపడినవాణ్ని ఈ కొండల్లో నేనొక్కణ్నే అయి ఉంటాను. ఆ గోడ తీసేస్తానని నువ్వు రాయకపోతే ఇప్పటికీ చెప్పేవాణ్ని కాదు.

మనం గోడ కట్టలేదన్నది నిజమే. ఊళ్లో ఎవరూ కట్టలేదు. కావలసినంత కొండ గోక్కోవడం, ఇల్లు వేసుకోవడం మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. పెద్దవాళ్లు గడ్డి ఇల్లు వేసినప్పుడు ఇంతలేసి గోకేవాళ్లు కాదని మీ అమ్మ ఇప్పుడు అంటోంది. మనకి మూడో గది కావాలి, బీరువాకి చోటు కావాలి. నిలబడలేదా అన్నావు. మూడు వానాకాలాలు నిలబడింది, అంతే.

నా జవాబు ఇది. గోడ ఉంచమను. గ్యారేజి తీసేయి, ఆ గోడ బీరువాలు తీసేయి, సోనికి వేరే గది వద్దు, మాతోనే పడుకుంటుంది. అయినా చాలకపోతే ఇల్లు తీసేయి గానీ గోడ మాత్రం తీసేయకు. నవ్వకు భానూ, నిజంగా అంటున్నాను. ఇల్లు లేకపోతే అక్కడ అద్దె గదిలో నలుగురం సర్దుకుందాం. లేదా నువ్వే వచ్చేయి, బడి గదిలో ఉందాం, చదును నేల మీద ఉంది, కప్పు కారదు. ఇదిగో, మొదటిసారి రమ్మని రాశాను. రావాలా వద్దా నేను చెప్పను, నీ కష్టం నీది. ఇక్కడ ఇల్లుందనుకుని మాత్రం ఏదీ తేల్చుకోకు.

ఈ కాగితాలు మలుపు దగ్గరికి తీసుకెళ్లి ఈ రోజే ఫోటోలు తీసి పంపిస్తాను. చదవగానే కోపం వస్తుంది, రానీ. ఎంత తిట్టాలనుంటే అంత నన్ను తిట్టు. మీ అమ్మని ఏమీ అనకు. నీకు చెప్పేశానని ఆవిడకి ఇంకా తెలియదు.

సోని గురించి చెప్పి ముగిస్తాను. ఇల్లు పడిన రోజు గురించి అది ఇంతవరకూ నోరు విప్పలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతుంది. నిన్న నువ్వు పంపిన స్థలం ఫోటో దాని చేతికిచ్చాను. పచ్చటి గడ్డి, గొర్రెలు, కింద దూరంగా ఊరు. చాలాసేపు చూసింది. ఫోటో పై అంచు దాటి, ఖాళీలో వేలు పెట్టి, "ఇంటికి పైనేటుంది నాన్నా?" అని అడిగింది. తెలియదన్నాను. "అమ్మ సూసిందా?" అంది.

సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఆ స్థలానికి వెళ్లు. ఊరు వైపు చూడకు. వెనక్కి తిరిగి, పైకి చూడు. అక్కడ ఏముందో సోనికి రాయి. దానికి ధైర్యం చెప్పాలని మంచిమాటలు రాయకు, ఉన్నది ఉన్నట్టు రాయి. నువ్వేం రాస్తే అది నమ్మి అక్కడ పడుకోవాల్సింది అది.

ఇట్లు,
నీ బావ,
సోంబరు